చేతులు చూసి పాసైన చెవులు

ఇది రాద్దామని కూర్చుని ఇప్పటికి మూడుసార్లు లేచాను. మొదటిసారి ఫ్యాను చప్పుడు భరించలేక లేచాను. రెండోసారి కాగితం మీద పెన్ను గీరుకునే చప్పుడు. మూడోసారి ఏ చప్పుడూ లేదు, చెవి మిషన్ బ్యాటరీ అయిపోయిందేమోనని గాభరాపడి లేచాను. అయిపోలేదు. ఇంట్లో నిజంగానే ఎవరూ మాట్లాడటం లేదు.

నా పేరు అప్పలనాయుడు, వయసు యాభై ఆరు. మా నాన్న చీపురుపల్లి వైపు నుంచి స్టీలు ప్లాంటు పనికి భిలాయి వచ్చారు, నేను ఇక్కడే పుట్టాను. నేను పనిచేసింది ప్లాంటులో కాదు, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో. అక్కడ క్రేన్ నడిపాను. మిల్లు పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయే తప్పులో పెద్ద వాటా నాదే. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. చెవులు మొరాయిస్తున్నా ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నవాళ్ళు మా ఊళ్ళో నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళలో ఒక్కడు చదివినా చాలు. అదీ కాక, రాస్తే నా మనసు కాస్త కుదుటపడుతుందేమోనన్న ఆశ కూడా ఉంది.

అంతకు ముందు

క్రేన్ క్యాబిన్ నేలకి ముప్పై అడుగుల ఎత్తున ఉంటుంది. కింద రోలర్ల మోత, కడ్డీల మోత. అక్కడ మనిషి గొంతుతో పని లేదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ చేతులతోనే అన్నీ చెబుతాడు. బొటనవేలు పైకి చూపిస్తే ఎత్తాలి, అరచెయ్యి కిందికి ఊపితే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. ఇరవై ఏడేళ్ళు నేను చేతులే చదివాను. అంతదూరం నుంచి ఒక మనిషి భుజం కదిలిన తీరు చూసి, తర్వాత ఏ వేలు లేపుతాడో చెప్పగలిగేవాణ్ణి. మాట వినాల్సిన అవసరమే లేని చోట, మాట వినపడటం లేదని ఎలా తెలుస్తుంది?

ఇంట్లో తెలిసింది. కానీ ఇంట్లో దానికి వేరే పేర్లు పెట్టారు. ధ్యాస ఉండదు, పిలిస్తే పలకరు, టీవీ పెట్టారంటే వీధి చివరికి వినపడాలి. మా ఆవిడ లక్ష్మి ఏడాదికేడాది గొంతు పెంచుకుంటూ పోయింది. స్మృతి నగర్‌లో మా పక్కింటివాళ్ళు మేం రోజూ పోట్లాడుకుంటున్నామనే అనుకున్నారట. ఆవిడ ఉప్పుడబ్బా ఇటివ్వమన్నా వాళ్ళకి తగువులాగే వినపడేది.

మిల్లుకి ఏడాదికోసారి మెడికల్ వ్యాన్ వచ్చేది. అందులో చెవుల పరీక్షకి అద్దం కిటికీ ఉన్న చిన్న గది. లోపల కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, శబ్దం వినపడగానే చేతిలో మీట నొక్కాలి. అద్దం అవతల కూర్చున్న అమ్మాయి శబ్దం వదిలినప్పుడల్లా ఆమె మోచెయ్యి చిన్నగా కదిలేది. అది చాలు నాకు. మోచెయ్యి కదలగానే నొక్కితే అనుమానం వస్తుందని, ఒక క్షణం ఆగి నొక్కేవాణ్ణి. రెండుమూడు కావాలనే వదిలేసేవాణ్ణి కూడా. ఏటా నార్మల్ అని కాగితం చేతికొచ్చేది. దీన్ని మోసమని నేను ఏనాడూ అనుకోలేదు, నా పనితనం అనుకున్నాను. పైగా క్యాంటీన్‌లో ఇద్దరు ముగ్గురు పాత ఆపరేటర్లకి ఆ కిటుకు నేర్పాను కూడా. మేమంతా గొప్పగా నవ్వుకునేవాళ్ళం.

ఫిబ్రవరి

మా మిల్లులో కడ్డీల మీద నీళ్ళు చల్లే చోట ఒక్కోసారి ఆవిరి కమ్మేస్తుంది, సిగ్నల్‌మన్ కనపడడు. రూలు ప్రకారం అతను కనపడకపోతే క్రేన్ ఆపాలి. ఆవిరి వచ్చినప్పుడల్లా ఆపితే పని సాగదని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆవిరిలో చేతుల బదులు ఈల. ఈల పడనంతవరకు ముందుకు వెళ్ళచ్చు. పొడుగ్గా ఒక ఈల పడితే ఉన్నచోటే ఆగిపోవాలి. మళ్ళీ రెండు పొట్టి ఈలలు పడితే కదలాలి.

ఆ రోజు సిగ్నల్ ఇస్తున్నది సంతరామ్. ఉతై అనే ఊరి మనిషి, కాంట్రాక్టు మీద పదేళ్ళుగా చేస్తున్నాడు. మాట తక్కువ, సిగ్నల్ శుభ్రం. ఆవిరి కమ్మింది. నేను కడ్డీల కట్టతో ముందుకు వెళ్ళాను. ఎవరో దారిలో ఒక ట్రాలీ వదిలేశారు. కట్ట దానికి తగిలింది, తీగలు తెగాయి, కడ్డీలు చెల్లాచెదురుగా దొర్లాయి. అందరూ తప్పుకున్నారు. సంతరామ్ మాత్రం ట్రాలీని పక్కకి తోసేద్దామని అప్పటికే అటు పరిగెత్తాడు కాబట్టి ఒక కడ్డీ అతని మోకాలి మీద పడింది.

ప్రాణం పోలేదు. కాని ఎంక్వైరీ జరిగింది. సంతరామ్ చెప్పింది ఒకటే మాట, "సాబ్, మైనే సీటీ బజాయీ థీ. తీన్ బార్." ఈల వేశాను, మూడుసార్లు వేశాను అని. చుట్టూ ఉన్నవాళ్ళందరూ చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్నారు, ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. నన్నడిగారు. నాకు ఈల వినపడలేదని చెప్పాను. అది నిజమే. నా తెలివంతా అందులోనే ఉంది, ఒక్క ముక్క అబద్ధం లేదు. నా ఫైలు తీసి చూశారు. ఏటా నార్మల్. చెవులు బాగున్నవాడికి వినపడలేదంటే ఈల వెయ్యనట్టే కదా. సంతరామ్ గేట్‌పాస్ రద్దు చేశారు. అతను కుంటుకుంటూ గేటు దాటుతూ వెనక్కి తిరిగి నా క్యాబిన్ వైపు చూశాడు. నేను చేతులు చదివేవాణ్ణి కదా, ఆ రోజు అతని చేతులు ఊరికే వేలాడుతున్నాయి.

హోలీ తర్వాత

ఒక ఆదివారం లక్ష్మి పప్పు కుక్కర్లో పెట్టి, మూడు ఈలలయ్యాక దించమని నాకు చెప్పి, రెండిళ్ళ అవతల వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. నేను హాల్లో పేపరు చదువుతూ కూర్చున్నాను. వంటగది నాకు నాలుగడుగుల దూరం. మాడు వాసన వచ్చేసరికి ఆవిడా తిరిగొచ్చింది.

"ఏటండీ ఇది, ఎన్ని ఈలలేసింది?" అంది.

"ఒక్కటీ వెయ్యలేదు" అన్నాను.

కోపంగానే అన్నాను. కుక్కరు పాడైందని, కొత్త రబ్బరు కొనమని సలహా కూడా ఇచ్చాను. ఈలోగా మేడ మీద బట్టలు ఆరేస్తున్న మా అమ్మాయి హేమ కిందికి దిగింది. హేమ స్కూల్లో టీచరు. భిలాయిలో పుట్టిన పిల్ల, తెలుగు కంటే హిందీ నోటికి ముందొస్తుంది.

"నాన్నా, ఆఠ్ సీటీ ఆయీ. నేను మేడ మీద లెక్కపెట్టాను. మీరున్నారు కదా, దించుతారనుకున్నా" అంది.

ఎనిమిది ఈలలు. నాలుగడుగుల దూరంలో. నేను వంటగదిలోకి వెళ్ళి మాడిన పప్పు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. లక్ష్మి ఏదో అంటూనే ఉంది, ఆమె పెదాలు కదులుతున్నాయి. ఒక్కటీ వెయ్యలేదని ఎంత ధీమాగా అన్నాను. అదే మాట కాస్త మర్యాదగా ఎంక్వైరీలో అన్నాను. ఆ సాయంత్రం తిండి సయించలేదు. పప్పు మాడినందుకు అలిగానని వాళ్ళనుకున్నారు.

ఏప్రిల్, దుర్గ్

హేమ బలవంతం మీద దుర్గ్‌లో ఒక చెవుల క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడి వెయిటింగ్ రూమ్ గురించి చెప్పాలి. పదిహేను మంది కూర్చున్నాం, అందరం చెవిటివాళ్ళం, రిసెప్షన్ అమ్మాయి మాత్రం తల దించుకుని నోటితోనే పేర్లు పిలుస్తోంది. ఎవరూ లేవడం లేదు. ఆ అమ్మాయికి విసుగు, మాకు అయోమయం. ప్రతివాడూ పక్కవాడి మొహం చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండి రెండుసార్లు బయటికి పోబోయాను, హేమ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

నా పక్కన మనవరాలితో ఒక ముసలావిడ ఉంది. ఆ పిల్లకి ఆరేళ్ళుంటాయి, రెండు చెవులకీ గులాబిరంగు మిషన్లు. ఆ గదిలో బాగా వినపడేది ఆ పిల్లకే. పిలిచిన ప్రతి పేరూ విని, "కౌన్ హై రమేశ్? కౌన్ హై శకుంతలా?" అని, ఎవరది ఎవరదని అందరి దగ్గరికీ వెళ్ళి మోకాలి మీద తట్టి అడుగుతోంది. హేమ ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు నా దగ్గరికొచ్చి, "అప్పల్ నాయుడు ఆప్ హో?" అంది. అవునన్నాను. నా చెయ్యి పట్టుకుని తలుపు దాకా తీసుకెళ్ళి వదిలింది. ఆ చెయ్యి వదలగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో తెలియలేదు.

లోపల ఆడియాలజిస్టు మేడమ్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని గోడవైపు తిప్పేసింది.

"మిమ్మల్ని చూడకపోతే ఎలాగ మేడమ్?" అన్నాను.

"చూసేది కాదు కదా, వినేది" అంది ఆవిడ హిందీలో, నవ్వుతూ.

గోడవైపు చూస్తూ మీట పట్టుకుని కూర్చున్నాను. గోడకి మోచెయ్యి లేదు. ఎంతసేపటికీ ఏమీ రావడం లేదు. మేడమ్ పరీక్ష ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. తిరిగి చూస్తే సగం అయిపోయింది.

తర్వాత కాగితం మీద గీత చూపించింది. ఎడమవైపు కాస్త మెరుగ్గా మొదలై, కుడివైపుకి వచ్చేసరికి కొండమీంచి జారినట్టు కిందికి పడిపోయిన గీత. ఎడమవైపు బరువైన శబ్దాలు, కుడివైపు సన్నటివి. పిట్టలు, పసిపిల్లల మాటలు, కాలింగ్ బెల్లు అన్నీ అటువైపే అంది.

"ఈల?" అని అడిగాను.

గీత బాగా కిందికి పడిన చోట పెన్నుతో చిన్న గుండ్రం చుట్టింది. "ఇక్కడ" అంది. "అయిదారేళ్ళ నుంచే వినపడి ఉండదు."

అప్పటికి లోపలికొచ్చిన హేమ నా మొహం చూసింది. చెవులు పోయాయని బెంగపడుతున్నాననుకుని భుజం మీద చెయ్యి వేసింది. ఆ గుండ్రం లోపల నాకు సంతరామ్ కనపడుతున్నాడని ఎలా చెప్పను? తిరుగు బస్సులో నేను ఒక సీట్లో కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. కండక్టరు ఎక్కడ దిగాలని రెండుసార్లు అడిగాడు.

మే నెల

కొత్తగా మిషన్లు పెట్టుకున్నవాళ్ళకి నేను చెప్పేది ఇది. మొదటి పదిహేను రోజులు ఎవరి మాటా విని వాటిని అల్మరాలో పడెయ్యకండి, ముఖ్యంగా మీ మాట వినకండి. చెవి మిషన్ కళ్ళజోడులాంటిది కాదు, పెట్టుకోగానే లోకం తేటపడదు. లోకమంతా మీదపడుతుంది. నా చెప్పులు టపటపమనడం నేనే విన్నాను. నేను నమిలే అప్పడం నా తల లోపల కూలింది. ఫ్రిజ్ మూలుగుతుందని నాకు తెలియదు. లక్ష్మి ప్లాస్టిక్ సంచీ విప్పితే నేను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. చప్పుళ్ళన్నీ ఒకటే ఎత్తున వస్తాయి, ఏది ముఖ్యమో చెవులు మరిచిపోయి ఉంటాయి. వాటికి మళ్ళీ నేర్పాలి, కనీసం రెండుమూడు నెలలు.

భిలాయి ఎండలో ఇంకో తంటా. చెమట పట్టిందంటే మిషన్ మూగబోతుంది. రోజూ పడుకోబోయే ముందు తుడిచి, తేమ లాగే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. గుండీ బ్యాటరీ మీద గోధుమరంగు చీటీ పీకాక వెంటనే పెట్టకూడదు, ఒక నిమిషం గాలి తగలనివ్వాలి. నాకా ఒక్క నిమిషం ఓపిక లేదు, అందుకే మొదటి నెల బ్యాటరీలు ఊరికే అయిపోయేవి.

ఇంట్లో మాత్రం కొత్త చిక్కు వచ్చింది. లక్ష్మికి గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది, ఇప్పుడు నేను అరవొద్దని అరుస్తున్నాను.

"ఇన్నేళ్ళూ ఇనపడక సంపారు, ఇప్పుడు ఇనపడి సంపుతున్నారు" అంది ఒకరోజు. ఆ మాట అనేశాక ఇద్దరం నవ్వాం. చాలాకాలానికి. ఆవిడ అసలు గొంతు మెత్తనిదని నాకు గుర్తే లేదు.

కాని నవ్వు ఆగాక మళ్ళీ అదే గుబులు. మిషన్ ఇంట్లో పెట్టుకునేవాణ్ణి, మిల్లు గేటు ముందు స్కూటరు ఆపి, తీసి జేబులో పెట్టుకునేవాణ్ణి. మిషన్ పెట్టుకుని లోపలికి వెళ్తే క్రేన్ మీదికి ఎక్కనివ్వరు, ఫైలు తీస్తారు, ఫైలుతో పాటు ఎంక్వైరీ కాగితం బయటికొస్తుంది. క్రేన్ లేకపోతే నేనేం? ఇరవై ఏడేళ్ళు పైనుంచి కిందికి చూసినవాణ్ణి. ఇలా నాకు నేను చెప్పుకునే సమాధానాలు ఎప్పుడూ తయారుగా ఉండేవి. ఇక ఆవిరి వచ్చినప్పుడల్లా మాత్రం క్రేన్ ఆపేసేవాణ్ణి. పని నెమ్మదిస్తోందని సూపర్‌వైజర్ తిట్టాడు. తిట్టనీ అనుకున్నాను. అదే పెద్ద ప్రాయశ్చిత్తమన్నట్టు.

ఆగస్టు

మెడికల్ వ్యాన్ వచ్చింది. ముందురోజే నిర్ణయించుకున్నాను. మిషన్లు పెట్టుకుని ఎక్కుతాను, అమ్మాయీ నా కుర్చీ గోడవైపు తిప్పు అని అడుగుతాను. లైన్లో నిలబడ్డప్పుడు జేబులో మిషన్ల డబ్బాని వేళ్ళతో తడుముతూనే ఉన్నాను. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. హెడ్‌ఫోన్ పెట్టారు. అద్దం అవతల మోచెయ్యి కదిలింది.

నా బొటనవేలు నొక్కేసింది.

ఆ తర్వాత ఆపలేదు. మోచెయ్యి, క్షణం, మీట. అలవాటా, పిరికితనమా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే పిరికితనమనే చెబుతాను. నార్మల్ అని కాగితం ఇచ్చారు. వెనక నిలబడ్డ పాత ఆపరేటరు, నేను కిటుకు నేర్పినవాడే, నాకు కన్ను కొట్టాడు.

ఆ కాగితం ఇంటి దగ్గర హేమకి దొరికింది. చొక్కా ఉతకడానికి జేబులు చూసింది. దుర్గ్ కాగితం, ఈ కాగితం పక్కపక్కన టేబుల్ మీద పెట్టింది.

"నాన్నా, యే కైసే? ఇదెలా?" అంది.

చెప్పాను. మోచెయ్యి సంగతి చెప్పాను, ఈల సంగతి చెప్పాను, సంతరామ్ సంగతి చెప్పాను. ఆరు నెలల తర్వాత మొదటిసారి నోటితో చెప్పాను. హేమ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మెల్లగానే వేసింది, అయినా ఆ చప్పుడు నాకు వినపడింది. లక్ష్మి మాత్రం నా ఎదురుగా కూర్చుంది.

"ఆడి పెళ్ళాం పిల్లలు ఏటి తింటన్నారో ఎప్పుడైనా సూసొచ్చారేటి?" అంది. మెత్తగానే అంది.

దసరాకి ముందు

జరిగిందంతా ఒప్పుకుంటూ మిల్లుకి కాగితం రాశాను. హిందీలో హేమ దిద్దింది. అది పదకొండు రోజులు నా జేబులోనే ఉంది. ముందు మిల్లుకివ్వాలా, ముందు సంతరామ్ దగ్గరికెళ్ళాలా అన్నది తేల్చుకోలేక కాదు, రెండూ తప్పించుకోవాలని. పన్నెండో రోజు లక్ష్మి పొద్దున్నే చీర కట్టుకుని, స్కూటరు దగ్గర నిలబడింది. ఇద్దరం ఉతై వెళ్ళాం.

సంతరామ్ ఇంటి ముందు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. ఒక కాలు చాపుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. అతని భార్య గుమ్మంలోంచి చూసి, లోపలికెళ్ళి, నీళ్ళు మాత్రం లక్ష్మికి తెచ్చి ఇచ్చింది. నాకివ్వలేదు.

నేను నిలబడే చెప్పాను. నీ ఈల నాకు వినపడలేదు భయ్యా, నాకు ఏ ఈలా వినపడదు, పరీక్షలో మోసం చేశాను, నా మాట మీద నీ పని పోయింది. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. సంతరామ్ చేతులు తుడుచుకుని మొత్తం చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"నేనూ అనుకున్నాను" అన్నాడు చివరికి. "వేశానా లేదా అని. ఇంతమందిలో ఒక్కరూ విన్నామని అనకపోతే నాకే అనుమానం వచ్చింది, నాయుడు భయ్యా. నిద్రలో కూడా ఈల కోసం తడుముకుంటాను. మా ఆవిడని అడగండి."

ఆ మాట నేను ఊహించలేదు. పని పోగొట్టానని వెళ్ళాను. అతని మీద అతనికున్న నమ్మకం కూడా పోగొట్టానని అక్కడ తెలిసింది.

అతను గోడ పట్టుకుని లేచాడు. లోపలికెళ్ళి ఈల తెచ్చాడు. తాడుతో సహా అదే స్టీలు ఈల.

"అవి తీసెయ్యి" అన్నాడు నా చెవులు చూపించి. "పీఠ్ కర్‌కే ఖడే హో జావ్."

మిషన్లు తీసి లక్ష్మి చేతిలో పెట్టాను. అతనికి వీపు చూపిస్తూ తిరిగి నిలబడ్డాను. ఎదురుగా ఒక మట్టిగోడ, దాని మీద పిడకలు. గోడకి మోచెయ్యి లేదు. ఎదురుచూశాను. ఏమీ లేదు. ఎంతసేపని ఇలా అని తిరిగి చూశాను. సంతరామ్ నోట్లో ఈల ఉంది, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. వీధిలో పిల్లలు చెవులు మూసుకుని ఉన్నారు. ఎదురింటి ముసలాయన బయటికొచ్చి చూస్తున్నాడు. లక్ష్మి మూడు వేళ్ళు చూపించింది. మూడుసార్లు.

సంతరామ్ ఈల తీసి నా కళ్ళలోకి చూశాడు. తర్వాత తన భార్య వైపు తిరిగాడు. "దేఖా?" అన్నాడు, చూశావా అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు పెట్టుకో" అన్నాడు నాతో.

మిషన్లు లక్ష్మే పెట్టింది. మళ్ళీ గోడవైపు తిరిగాను. ఈసారి పొడుగ్గా, సన్నగా, తల లోపలికి దూసుకొచ్చింది. నేను ఏమీ అనుకోకముందే నా కుడిచెయ్యి గాలిలో వెనక్కి లాగింది. క్రేన్ ఆపే మీటని ఎప్పుడూ అలాగే లాగుతాను. ఆ వీధిలో, పిడకల గోడ ముందు, లేని మీటని పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు ఏడ్చాను, దాచుకోకుండానే ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, అది న్యాయమే.

ఆ మధ్యాహ్నమే కాగితం మిల్లులో ఇచ్చాను. ఇచ్చేముందు సంతరామ్ చెప్పింది ఒక వాక్యం కలిపాను, ఈల మూడుసార్లు వేశాడని.

ఇప్పుడు

నన్ను క్రేన్ నుంచి దించేశారు. ఇంటికి పంపేస్తారనుకున్నాను, టూల్ రూమ్‌లో కూర్చోబెట్టారు. స్పానర్లు, బోల్టులు ఇచ్చి పుచ్చుకోవడం నా పని. వ్యాన్‌లో కుర్చీ ఇప్పుడు గోడవైపు తిప్పి ఉంటుంది. నా కిటుకు నేర్చుకున్న ముగ్గురిలో ఇద్దరు దుర్గ్ వెళ్ళొచ్చారు. మూడోవాడు నాతో మాట్లాడటం మానేశాడు.

సంతరామ్‌కి గేట్‌పాస్ తిరిగి ఇవ్వడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు మళ్ళీ సిగ్నల్ ఇస్తున్నాడు, కాస్త కుంటుతూ. నన్ను చూస్తే తల ఊపుతాడు. నాతో టీ మాత్రం తాగడు. నేనూ రమ్మని అడగడం మానేశాను.

మిల్లు మోతలో నా మిషన్లు ఇప్పటికీ విసిగిస్తాయి. పూటకి రెండుసార్లైనా తీసి పారెయ్యాలనిపిస్తుంది. ఆ మోతలో చెవుల మీద పెట్టుకోవడానికి వేరే కప్పులు ఇచ్చారు, టూల్ రూమ్ తలుపు వేసుకుంటే వాటి అవసరం ఉండదు. తలుపు వేసుకోమని అందరూ చెబుతారు. నేను కాస్త తెరిచే ఉంచుతాను. ఆవిరి కమ్మినప్పుడు ఆ సందులోంచి సంతరామ్ ఈల పొడుగ్గా వస్తుంది. చేతిలో ఏది ఉంటే అది అలాగే పట్టుకుని ఆగిపోతాను. ఎదురుగా బోల్టుల కోసం నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు, కొందరు నవ్వుతారు. రెండు పొట్టి ఈలలు పడేదాకా నేను కదలను.